సంఘపు కంప్యూటరు తనంతట తానే మరల మొదలగుచున్నప్పుడు

ఈ మాసమున మేము వ్రాయబూనిన విషయము విత్తనమును గూర్చినది కాదు, ఎరువును గూర్చినదియు కాదు. సంఘ కార్యాలయములో గుమాస్తా బల్లమీద నుండు కంప్యూటరును గూర్చినది. దీనితో సేద్యగానికేమి పని యని కొందరు సభ్యులు పుట త్రిప్పవచ్చును. వారు ఒక్క నిమిషము నిలువవలెనని కోరుచున్నాము. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటర్లలోనికి మార్చు పథకమునకు కేంద్ర మంత్రిమండలి 2022వ సంవత్సరము జూన్ 29వ తేదీన అనుమతి నిచ్చెను. నాడు లెక్కలోనికి తీసికొనిన సంఘములు 63,000. అనుమతించిన వ్యయము 2,516 కోట్ల రూపాయలు. ఈ మార్పు జరిగిన సంఘములలో సభ్యుని వాటాధనము, పంట ఋణము, కట్టిన కిస్తు, తీసికొనిన యూరియా బస్తా అన్నియు ఈ పెట్టె గుండనే పోవలసియున్నవి. పెట్టె జబ్బుపడినచో ఆ జబ్బు సభ్యుని ఖాతాకు తగులును.

మేము వారమునకు రెండు దినములు కూర్చుండు సంఘములో గడచిన రబీ కాలమున ఇట్టి జబ్బు పుట్టెను. గుమాస్తా పద్దు వ్రాయుచుండగా తెర నల్లబడును; అర నిమిషములో యంత్రము తనంతట తానే మరల మొదలగును. ఒకనాడు మూడుమారులు, మరునాడు ఒక్కమారును కాదు, ఆ మరునాడు రెండుమారులు. వేళ లేదు, వరుస లేదు. ఋణపు గడువు దినములు దగ్గరపడియుండెను. గడువులోపల కట్టినవారికి వడ్డీలో రాయితీ కలదు. దినము దాటినచో అది పోవును. గడువు చివరినాడు ఒక వృద్ధ సభ్యుడు తన యప్పు కట్టుటకు వచ్చి, నోట్లు లెక్కపెట్టి బల్లమీద పెట్టెను. గుమాస్తా పద్దు వ్రాసి మీట నొక్కెను. రశీదు వెడలకముందే తెర నల్లబడెను. సొమ్ము జమ పడెనో లేదో చెప్పగలవారు ఆ గదిలో ఒక్కరును లేకపోయిరి. ముసలాయన, “నా పైకము మీ బల్లమీదనే యున్నది గదా అయ్యా” అని మాత్రమనెను.

ఆ సాయంకాలము పాలకవర్గపు సభ్యులు కూడిరి. గుమాస్తాకు మీటలు నొక్కుట చేతకాలేదని యొకరు. వైరసు ప్రవేశించినదని యొకరు. యంత్రము పాతబడినది, క్రొత్తది కొనవలెనని యొకరు. నిమ్మకాయయు మిరపకాయలును కట్టుమని చెప్పినవారును ఉండిరి. అదియు కట్టబడెను. మరునాడు యంత్రము మూడుమారులు మరల మొదలయ్యెను. ఎక్కువ మంది మాట గుమాస్తా మీదనే పడెను. ఆ పిల్లవాని ముఖము మేము చూడలేకపోతిమి. క్రొత్త యంత్రము కొనుటకు తీర్మానము వ్రాయబోవుచుండగా, పది దినములు గడువిమ్మనియు, ఒక నోటుపుస్తకము చాలుననియు మేము మనవి చేసితిమి. అధ్యక్షులు నవ్వి అనుమతించిరి.

మే మట్లడుగుటకు కారణము పొలమే. వరి ఆకు పచ్చబడినదని రైతు వచ్చి చెప్పినపుడు, యూరియా చల్లుమని వెంటనే చెప్పు ప్రదర్శకుడు సంఘపు సొమ్మును రైతు పంటను రెంటిని చెడగొట్టువాడు. నత్రజని లోపమున్నను ఆకు పచ్చబడును. జింకు లోపమున్నను పచ్చబడును. నీరు నిలిచి వేరు ఊపిరాడకున్నను పచ్చబడును. ముదురాకు ముందు పచ్చబడెనా, లేతాకు ముందా, మడి యంతటనా, పల్లమున మాత్రమేనా యని చూచిన పిమ్మటగాని మందు మాట యెత్తరాదు. కంప్యూటరు మరల మొదలగుటయు ఇట్టి పచ్చబడుట వంటిదే. అది లక్షణము, రోగము వేరు.

ఆ లక్షణము పుట్టు విధమును కొంచెము తెలిసికొనవలెను. గోడలోని సాకెట్టునుండి వచ్చు 230 వోల్టుల కరెంటును కంప్యూటరు నేరుగా వాడుకొనలేదు. పెట్టె వెనుక ఫ్యాను గల యినుప డబ్బీ యొకటి యుండును. దానిని ఎస్.ఎమ్.పి.ఎస్. అందురు. అది ఆ కరెంటును 12, 5, 3.3 వోల్టుల సన్నని ధారలుగా మార్చి లోపలి భాగములకు పంచును; చెరువు తూము నీటిని పిల్లకాలువలకు పంచినట్లు. 1995లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఏ.టి.ఎక్స్. అను నమూనా ననుసరించి చేసిన పెట్టెలలో, ఈ డబ్బీనుండి మదర్‌బోర్డునకు పోవు తీగలలో ఒకటి కరెంటు నిమిత్తము కాదు, కబురు నిమిత్తము. “ధారలన్నియు సరిగా నున్నవి” అను కబురు ఆ తీగమీద ఎల్లప్పుడు పోవుచుండును. ధార ఏదైన హద్దు తప్పినచో ఆ కబురు నిలిచిపోవును; నిలిచిన తోడనే మదర్‌బోర్డు పని యంతయు ఆపి మొదటికి వచ్చును. వోల్టేజి పడిపోయినపుడు మోటారు కాలిపోకుండ స్టార్టరు తెగిపడుట ఎట్టిదో ఇదియు అట్టిదే. కావున మరల మొదలగుట అనేక పర్యాయములు యంత్రము చెడుట కాదు, తన్ను తాను కాపాడుకొనుట.

ఇది ఒక త్రోవ. రెండవది, విండోస్ అను లోపలి యేర్పాటు తనలో పెద్ద తప్పు జరిగినదని కనుగొని తానే ఆగి మరల మొదలుపెట్టుట. జ్ఞాపకపు పలక, అనగా ర్యాము, చెడినను, ఒక భాగమును నడపు డ్రైవరు సరిపడకున్నను ఇట్లగును. మూడవది వేడి. నాలుగవది మిక్కిలి సామాన్యమైనది: అప్‌డేటు వచ్చి, ఎవరో అంగీకరించిన మీట ఫలితముగా యంత్రము ఆజ్ఞ ప్రకారమే మరల మొదలగుట. ఈ నాలుగింటిలో ఏది యని తేలకముందు పెట్టె మూత విప్పరాదు. మూత విప్పి నాలుగు తీగలు కదిపినచో తెగులు నాలుగు దినములు దాగును, పోయినదని సంతోషింతుము, గడువు దినమున మరల వచ్చును.

మేము చదివిన మిషను పాఠశాలలో ప్రకృతిశాస్త్రము చెప్పిన అయ్యవారు ప్రయోగపు పుస్తకములో చూచినది ఎడమ పుటలోను, తలచినది కుడి పుటలోను వ్రాయించెడివారు. రెంటిని కలిపి వ్రాసినవాని పుట చించెడివారు. ఆ పద్ధతినే గుమాస్తాకు చెప్పితిమి. యంత్రము మరల మొదలైన ప్రతిమారు గడియారపు వేళ, చేయుచున్న పని, గదిలో దీపము మినుకుమన్నదా లేదా, యు.పి.ఎస్. కూత పెట్టినదా లేదా, పెట్టె ప్రక్క చేయిపెట్టి చూడగా వేడి యెట్లున్నది, ఇవి ఎడమ పుటలో వ్రాయవలెను. “వైరసు” అను మాట ఎడమ పుటలోనికి రాకూడదు.

యంత్రము కూడ తన దినచర్యను వ్రాసికొనుచుండునని చాలమందికి తెలియదు. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అను పుస్తకము కలదు. స్టార్టు మీట నొక్కి ఆ పేరు వ్రాసినచో తెరచుకొనును. అందు విండోస్ లాగ్స్, దానిలో సిస్టమ్ అను భాగమును చూడవలెను. 1074 అను సంఖ్య కనబడినచో ఎవరో, లేక ఏదో అప్‌డేటు, ఆజ్ఞ యిచ్చి మరల మొదలుపెట్టించినదని యర్థము. అది రోగమే కాదు. 6008 అను సంఖ్య క్రింద యంత్రము అనుకొనకుండ ఆగిన వేళ వ్రాయబడియుండును. కెర్నెల్-పవర్ 41 అను పద్దును చూచి చాలమంది భయపడి, ఇదియే కారణమని చెప్పుచుందురు. అది పొరపాటు. ఆ పద్దు యంత్రము మరల లేచిన పిమ్మట వ్రాసికొనునది. “క్రిందటి మారు నేను సరిగా పడుకొనలేదు” అని మాత్రమే దాని భావము. పడగొట్టినదెవరో అది చెప్పదు. అయినను ఆ పద్దు వివరములలో బగ్‌చెక్ కోడ్ అను గడి కలదు. అందు సున్న తప్ప వేరు సంఖ్య యున్నచో విండోస్ తన లోపలి తప్పును చూచి తానే ఆగినదని తెలియును. సున్నయే యున్నచో వ్రాసికొనుటకు కూడ వ్యవధి లేక పడినదన్నమాట. అప్పుడు మన చూపు కరెంటు వైపునకును, వేడి వైపునకును మొదట పోవలెను.

మరియొక చిన్న పని చేయించితిమి. పెద్ద తప్పు జరిగినపుడు వెంటనే మరల మొదలుకావలెనను గుర్తు విండోస్‌లో ముందుగనే పెట్టబడియుండును. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ అను పుటలో స్టార్టప్ అండ్ రికవరీ అను చోట ఆ గుర్తును తీసివేసినచో, తప్పు జరిగినపుడు యంత్రము తప్పు పేరుతో కూడిన తెరను చూపి నిలిచిపోవును. మేము తీసివేసిన పిమ్మటను ఆ తెర ఒక్కమారును కనబడలేదు. కరెంటు మీద అనుమానము హెచ్చెను.

పది దినములకు నోటుపుస్తకములో పదునాలుగు పద్దులు పడెను. ఒకటి అప్‌డేటు, దానిని కొట్టివేసితిమి. మిగిలిన పదమూడింటిలో సంఖ్య సున్నయే. తొమ్మిది ఉదయము తొమ్మిది గంటలకు కొంచెమటునిటుగా జరిగెను. నాలుగు మధ్యాహ్నము రెండు, నాలుగు గంటల నడుమ. ఉదయపు తొమ్మిదింటిలో ఎనిమిదిమారులు దీపము మినుకుమన్నదనియు, యు.పి.ఎస్. ఒక్క కూత పెట్టి ఆగినదనియు వ్రాసియుండెను. తొమ్మిది గంటల కేమి జరుగునో పాఠకులలో బోరుబావి గలవారు ఈపాటికే గ్రహించియుందురు. ఆ వేళకే మా ఊరి పొలములకు త్రీఫేజు కరెంటు వచ్చును. ప్రతి డబ్బాలోను ఆటో స్టార్టరు కలదు గాన రైతు పొలమున లేకున్నను మోటార్లన్నియు ఒక్కసారిగా లేచును. లేచునపుడు మోటారు, నడచునప్పటి కంటె ఎన్నో రెట్లు కరెంటు లాగును. ఆ లాగుడు కార్యాలయపు లైనులోను తెలియును. పొలములోని మా మోటార్లే బల్లమీది మా లెక్కలను చెరపుచుండెనన్నమాట.

వోల్టేజి పడినపుడు కాపాడుటకే గదా యు.పి.ఎస్. ఉన్నది? దానిని పరీక్షించితిమి. కంప్యూటరును దానినుండి తీసివేసి, పాతకాలపు 60 వాట్ల బల్బును తగిలించి, యు.పి.ఎస్. ప్లగ్గును గోడనుండి లాగితిమి. బల్బు ఒక్క క్షణము వెలిగి ఆరిపోయెను. లోపలి బ్యాటరీ 12 వోల్టుల సీసపు బ్యాటరీ. పెట్టి నాలుగేండ్లు దాటినది. కిటికీ ప్రక్క ఎండలో కూర్చున్నది. ఇట్టి బ్యాటరీలు మూడు నాలుగేండ్లకే నీరసించుట సామాన్యము. వేడి అధికమైనచోట ఇంకను ముందు. పచ్చదీపము మాత్రము చక్కగా వెలుగుచుండెను. ఆ దీపము కరెంటు వచ్చుచున్నదని చెప్పునే గాని బ్యాటరీ బ్రతికియున్నదని చెప్పదు. వోల్టేజి పడగానే యు.పి.ఎస్. భారమును బ్యాటరీ మీదికి మార్చును; బ్యాటరీ మోయలేక కూలును; వెంటనే గోడ కరెంటు సర్దుకొనును. కరెంటు పోయి వచ్చినపుడు యంత్రము తానే లేవవలెనని బయోస్‌లో ఎవరో అమర్చియుండిరి గాన అది ఆగి ఊరకుండక మరల మొదలగుచుండెను.

క్రొత్త బ్యాటరీ వేయించి, యు.పి.ఎస్.ను నీడకు జరిపితిమి. పాత బ్యాటరీని చెత్తలో వేయక అమ్మినవానికే తిరిగి యిచ్చితిమి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములు కోరునదియు అదే. సీసము భూమిలోనికి దిగుట రైతునకు మంచిది కాదు. ఉదయపు తెగులు ఆ దినముతో నిలిచెను. పాలకవర్గము వారు సంతోషించిరి. కాని మధ్యాహ్నపు పద్దులు నిలువలేదు. ఒకే మడిలో దోమయు తెగులును రెండును ఉండవచ్చునని తెలిసిన మేమే, ఇచ్చట మాత్రము కారణ మొక్కటియే యుండునని మనసులో అనుకొనియుంటిమి.

అప్పుడు మూత విప్పితిమి. యంత్రమును ఆపి, ప్లగ్గు లాగి, కొంతసేపు ఆగి, చేతిలోని స్థావర విద్యుత్తు పోవుటకు పెట్టె యినుమును ముట్టుకొని, పిమ్మట లోపల చేయి పెట్టవలెను. మా కార్యాలయపు గోడకు ఆవలనే ధాన్యపు కొనుగోలు కళ్లము. తూర్పారబట్టిన దుమ్మును పొట్టును ఏండ్ల తరబడి ఫ్యాన్లు లోపలికి పీల్చుకొనియుండెను. ప్రాసెసరు మీది అల్యూమినియపు రెక్కల నడుమ దుమ్ము పట్టుగుడ్డవలె అట్టకట్టియుండెను. ఫ్యాను తిరిగిపోకుండ వ్రేలితో పట్టుకొని బ్లోయరుతో ఊదితిమి. నేటి ప్రాసెసర్లలో పెక్కింటికి నూరు డిగ్రీల సెల్సియసు ప్రాంతమున హద్దు కలదు. అచ్చటికి చేరినపుడు మొదట వేగము తగ్గించుకొనును, అదియు చాలనిచో ఆగిపోవును. వేడి వలన ఆగినది తరచుగా చల్లబడువరకు లేవదు, లేదా లేచి వెంటనే మరల పడును. మాది అట్లు కాక వెంటనే లేచి గంటల తరబడి నడచుచుండెను గాన వేడి యొక్కటియే కారణము కాదని మా కుడి పుటలో వ్రాసితిమి.

ఇచ్చట మేము చేసిన తప్పు చెప్పవలెను. దుమ్ము ఊదిన దినముననే తొందరపడి ర్యాము పలకలను కూడ తీసి, వాని బంగారు పూత అంచులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి మరల పెట్టితిమి. నాలుగు దినములు యంత్రము పడలేదు. అది దుమ్ము పోయినందువలననా, పలకలు సర్దుకొన్నందువలననా? చెప్పజాలము. ఒక మడికి ఒకే దినమున ఎరువును మందును రెండును వేసి, పంట యెందువలన లేచినదని యడుగువానిని మేము ఎన్నిమారులు మందలించితిమో! అయిదవనాడు యంత్రము రెండు గంటల యిరువది నిమిషములకు మరల పడెను. ఒక విధముగా మాకది మేలే చేసెను. ఆ రాత్రి విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అను పరీక్షను పెట్టితిమి, తప్పులు కనబడలేదు. ర్యాము మీది అనుమానము చాలవరకు తీరెను.

మిగిలినది ఎస్.ఎమ్.పి.ఎస్. డబ్బీ. మల్టీమీటరుతో కొలువగా 12 వోల్టుల తీగ 11.9 చూపెను. హద్దు 11.4 మొదలు 12.6 వరకు గాన బాగున్నదనుకొంటిమి. కాని మల్టీమీటరు నిదానమైన పరికరము. సెకనులో వేయింట కొన్ని వంతుల కాలము ధార సన్నగిలినచో దానికి కనబడదు, మదర్‌బోర్డునకు మాత్రము కనబడును. డబ్బీ వెనుక చేయి పెట్టగా గాలి రాలేదు. దాని ఫ్యాను ధాన్యపు దుమ్ముతో బిగిసిపోయియుండెను. లోపలి కెపాసిటర్లు మధ్యాహ్నపు వేడిలో ఉడుకుచుండెనన్నమాట. ఈ డబ్బీని మాత్రము ఎవరును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను అందు 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు కొంతకాలము నిలువయుండవచ్చును. దీనిని బాగుచేయుట కాదు, మార్చుటయే.

మార్చుటకు ముందు ఋజువు కావలెను గదా. తూకపు గదిలో వాడుకలేని యంత్రము యొక్క డబ్బీని, కార్యదర్శి గారి అనుమతితో, తెచ్చి తగిలించితిమి. సమానమైన శక్తి గలదేనని దానిమీది చీటీ చూచియే తగిలించితిమి. ఎనిమిది దినములు నోటుపుస్తకములో పద్దు పడలేదు. ప్రదర్శన క్షేత్రములో మందు వేయని మడి యొకటి ప్రక్కన లేనిదే రైతు నమ్మడు, పాలకవర్గమును అట్లే. కావున గడువు దినములు దాటిన పిమ్మట పాత డబ్బీనే మరల పెట్టి చూపితిమి. మూడవనాడు రెండు గంటల నలుబది నిమిషములకు, అధ్యక్షులు ఎదుట కూర్చుండగనే, తెర నల్లబడెను. గుమాస్తా చేతులు ఆ సమయమున బల్లమీద కూడ లేవు. ఆయన టీ గ్లాసు పట్టుకొనియుండెను. అధ్యక్షులు ఆయన వైపు చూచి, “నీ తప్పు కాదురా అబ్బాయీ” అనిరి. క్రొత్త డబ్బీకిని బ్యాటరీకిని కలిపి, క్రొత్త యంత్రపు వెలలో పదియవ వంతు కాలేదు.

మీ సంఘములో కారణము మరియొకటి కావచ్చును. సాకెట్టులో ప్లగ్గు వదులుగా నుండుట, ఎర్తు లేకపోవుట, ముందరి రీసెట్ మీట లోపలికి దిగి బిగిసిపోవుట, మదర్‌బోర్డు మీది కెపాసిటర్ల తలలు ఉబ్బుట, ఇవియు మేము విన్నవి, కొన్ని చూచినవి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది గాన యంత్రము మార్చవలెనని కొందరు చెప్పుదురు. అది విడిగా ఆలోచింపవలసిన మాట. మరల మొదలగు తెగులునకు దానిని మందుగా చెప్పినచో వినవలదు.

తెగులు తేలువరకు చేయవలసినది యొకటి కలదు. ప్రతి జమను యంత్రములో వ్రాయకముందే కాగితపు చిట్టాలో తేదీ, వేళ, మొత్తము వ్రాసి సభ్యుని సంతకమో వ్రేలిముద్రయో తీసికొనవలెను. తెర నల్లబడినచో, యంత్రము లేచిన పిమ్మట మొదట సభ్యుని ఖాతా తెరచి ఆ పద్దు పడినదో లేదో చూడవలెను. చూడకయే రెండవమారు వ్రాసినచో ఒక్క సొమ్మునకు రెండు జమలు పడి లెక్క చెడును.

పైన చెప్పిన వృద్ధ సభ్యుని ఖాతాలో ఆనాటి పద్దు పడలేదు. కాని గుమాస్తా పాత అలవాటు చొప్పున చిట్టాలో ముందే వ్రాసియుండెను. తేదీ, పదకొండు గంటల అయిదు నిమిషములు, ప్రక్కన నీలి సిరాతో వ్రేలిముద్ర. ఆ పుట నకలును కార్యదర్శి గారు జిల్లా బ్యాంకునకు పంపిరి. వారు గడువునాటి తేదీకే జమ నంగీకరించిరి. రశీదును గుమాస్తాయే సైకిలు మీద ముసలాయన యింటికి తీసికొనిపోయి యిచ్చెను.